‘కరడుగట్టిన కమ్యూనిస్టు’ అని రాయవచ్చా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటే, తర్వాత చదివేవారికి సులువుగా ఉంటుంది. మీ మండలంలో తొంభై ఏళ్లు దాటిన రైతు సంఘం నాయకుడొకరు కన్నుమూశారు. ఆయన మీద రాసిన వార్తలో మీరు ‘కరడుగట్టిన కమ్యూనిస్టు’ అన్నారు. జిల్లా పేజీలో అది అచ్చయిన మర్నాడు వారి అబ్బాయి ఫోన్ చేసి, ‘మా నాన్నగారేమైనా హంతకుడా’ అని నిలదీశారు. గుంటూరు డెస్కు ఇన్‌ఛార్జి గారేమో అందులో తప్పేమీ లేదని, అంతగా కావాలంటే ‘పిడివాది’ అని మార్చి సవరణ వేద్దామని అన్నారు. ఆ మాటకు అసలు అర్థమేమిటి, పిడివాది, అతివాది, తీవ్రవాది అనే మాటలకూ దానికీ తేడా ఏమిటి, సవరణ ఎలా వేయాలి అన్నవి మీ సందేహాలు.

విజయవాడలో పత్రికల డెస్కుల మీద పనిచేసి విరమించినవాడిగా, ఇప్పటికీ అడిగినవారికి కాపీ దిద్దిపెడుతున్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఆ అబ్బాయి గారి అభ్యంతరం సబబైనదే. మీ ఇన్‌ఛార్జి గారు చూపిన దారి మాత్రం పెనం మీది నుంచి పొయ్యిలో పడటమే. మనం ఈ మాటలన్నీ నమ్మకం ఎంత గట్టిదో చెప్పే మాటలనుకుని, కాస్త గట్టి, ఇంకాస్త గట్టి అన్నట్టుగా వాడేస్తుంటాం. నిజానికి ఇవి నమ్మినవాడి గట్టిదనం కంటే, ఆ మాట అంటున్నవాడు ఆ నమ్మకానికి ఎటువైపు నిలబడి ఉన్నాడో ఎక్కువగా చెబుతాయి. విలేకరి ఏ వైపూ నిలబడకూడదు కాబట్టి, ఏ మాట ఎవరి నోటి మాటో తెలుసుకుని వాడాలి.

కరడు అంటే గడ్డకట్టి గట్టిపడినది. కరుడు అని రాసేవారూ ఉన్నారు. రెండూ వాడుకలో ఉన్నాయి కనుక మీ పత్రిక ఏది పాటిస్తే దాన్నే పాటించండి. ఆ మాటలో ఉన్న భావం బలం కాదు, ఇక కరగదు అన్నది. మనసుకు అన్వయించినప్పుడు జాలి, పశ్చాత్తాపం ఇంకిపోయిన మనసు అన్న అర్థం అందుకే వస్తుంది. పత్రికల్లో ఈ విశేషణం పక్కన సాధారణంగా ఏయే నామవాచకాలు కూర్చుంటాయో గమనించండి. కరడుగట్టిన నేరస్థుడు, కరడుగట్టిన ఉగ్రవాది, కరడుగట్టిన దొంగల ముఠా, కరడుగట్టిన కులతత్వం. ఏ మాటకైనా నిఘంటువులో అర్థం ఒక ఎత్తు, అది రోజూ ఎవరితో కలిసి తిరుగుతుందన్నది మరొక ఎత్తు. ‘కరడుగట్టిన గాంధేయవాది’ అని మీరెప్పుడైనా చదివారా? ‘కరడుగట్టిన సేవాభావం’ అని ఎవరైనా రాశారా? రాయరు. పోలీసుల ప్రకటనల్లో, నేర వార్తల్లో అరిగిన మాటను సంతాప వార్తలోకి తెచ్చి, ఆస్తి అమ్మి సంఘం నడిపిన మనిషి పక్కన పెట్టినప్పుడు, ఆ పాత సావాసమంతా దాని వెంటే వస్తుంది. ఆ కొడుకు చెవికి వినబడినది అదే.

ఈ మధ్య సామాజిక మాధ్యమాల్లో ‘నేను ఫలానా పార్టీకి కరడుగట్టిన కార్యకర్తని’ అని గర్వంగా రాసుకునేవారు కనిపిస్తున్నారన్న మీ మాట నిజమే. డైహార్డ్, హార్డ్‌కోర్ అనే మాటలకూ, హైదరాబాదు వైపు వినిపించే ‘కట్టర్’ అనే మాటకూ తెలుగులో సమానమైన మాట ఏదని వెతుక్కున్నవారికి ధ్వనిలోనూ దగ్గరగా ఉన్న ఈ మాట దొరికింది కాబోలు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. తనను గురించి తాను చెప్పుకున్నప్పుడు అది పంతం, ప్రతిజ్ఞ. ఇంకొకరిని గురించి చెప్పినప్పుడు అది అభియోగం. ‘నేను మొండివాడిని’ అని ఒకరు నవ్వుతూ అన్నంత మాత్రాన ఆయన్ను మనం వార్తలో ‘మొండివాడు’ అని రాయలేం కదా. ఒక నాయకుడు తనను కరడుగట్టిన కార్యకర్తగా వర్ణించుకుంటే ఆ మాటను ఉటంకింపు గుర్తుల్లో పెట్టి, ఆయన నోటితోనే చెప్పించండి.

మరి పొగడ్తగా చెప్పాలంటే మన దగ్గర మాట లేదా అంటే, నిక్షేపంగా ఉంది. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పాత తరం పార్టీ మనుషులను గురించి మాట్లాడుకునేటప్పుడు ‘నిఖార్సైన కమ్యూనిస్టు’, ‘నిఖార్సైన కాంగ్రెసువాది’ అంటారు. కల్తీ లేనివాడు, రేటు కట్టి కొనలేనివాడు అని దాని భావం. ‘పక్కా’ అన్నది కూడా దీనికి దగ్గరే కానీ, ‘పక్కా పార్టీ మనిషి’ అన్నప్పుడు సిద్ధాంతం కంటే ఓటు లెక్క ఎక్కువగా ధ్వనిస్తుంది. ‘ఫక్తు’ అన్నదాన్ని జాగ్రత్తగా వాడాలి. ‘ఫక్తు రాజకీయవాది’ అంటే రాజకీయం తప్ప మరేమీ లేనివాడని ఎత్తిపొడుపు. ‘పచ్చి’ అయితే మరీ ఘాటు. పచ్చి అవకాశవాది, పచ్చి అబద్ధం, పచ్చి మోసం, ఇలా అది చేరిన ప్రతి మాటా తిట్టవుతుంది.

‘వీర’ అన్న ముందుమాటది వేరే కథ. ఈరోజు వీరాభిమాని, వీరవిధేయుడు అంటే సగం వెటకారం. కానీ తెలుగులో నమ్మకం విషయంలో రాజీపడనివాడిని చెప్పడానికి వాడిన మాటల్లో బహుశా చాలా పాతది ఇదే. వీరశైవం అన్న పేరులో వీరం కత్తి పట్టిన వీరం మాత్రమే కాదు, శివుడు తప్ప మరో దైవానికి తల వంచని ఏకనిష్ఠ కూడా. ఆ నిష్ఠ ఎంత దూరం వెళ్లగలదో శైవ కవి పాల్కురికి సోమనాథుడు చెప్పిన మల్లికార్జున పండితారాధ్యుని చరిత్రలో, మన చందవోలు రాజసభలో బౌద్ధాచార్యుడితో జరిగిన వాదమూ దాని వెనుక వచ్చిన హింసా చదివితే తెలుస్తుంది. భక్తులు ఆ కథను గర్వంగా చెప్పుకున్నారు. అవతలి పక్షం తన కథ చెప్పుకోవడానికి మిగల్లేదు. నేటి వాడుకలో ‘వీర’ చేరేది సిద్ధాంతానికి కాదు, మనిషికి. వీరవిధేయుడు ఒక నాయకుడికి విధేయుడు. నాయకుడు పార్టీ మారితే ఆయనా మారతాడు, ఆ మారటంలో ఆయన విధేయతకు లోపమేమీ రాదు. సిద్ధాంతం నమ్మినవాడి పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. నాయకుడు మారితే ఆయన ఒంటరివాడవుతాడు. ఈ రెంటినీ కలిపేయడం ఈనాటి రాజకీయ వార్తల్లో నాకు కనిపించే పెద్ద లోపం.

ఇక మీ ఇన్‌ఛార్జి గారు సూచించిన ‘పిడివాది’ దగ్గరికి వద్దాం. దీని మీద కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే ఈ మాట చరిత్ర చాలా వరకు మన ఊళ్లలోనే నడిచింది.

పిడి అంటే పట్టు, పిడికిలి. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాడు పిడివాది. కుందేలును ఎదురుగా తెచ్చి నాలుగో కాలు చూపించినా, అది కుందేలు కాదంటాడు తప్ప కాళ్లు లెక్కపెట్టడు. అంటే పిడివాదంలో తప్పు నమ్మకం గట్టిగా ఉండటం కాదు, అనుభవం వచ్చి తలుపు తట్టినా తీయకపోవడం. కమ్యూనిస్టు పరిభాషలో డాగ్మాటిజం అన్న మాటకు దీన్ని స్థిరపరిచినప్పుడు కూడా అదే అర్థం. మార్క్సిజాన్ని దేశకాల పరిస్థితులకు అన్వయించకుండా గ్రంథంలోని వాక్యాలను వల్లించడమే పిడివాదం. దానికి ఎదుటి చివర ఉండేది రివిజనిజం, అంటే సిద్ధాంతపు మూలాన్నే సవరించేయడం. 1957లో మాస్కోలో అధికారంలో ఉన్న పన్నెండు కమ్యూనిస్టు పార్టీలు చేసిన ప్రకటన, 1960లో అదే నగరంలో 81 పార్టీలు చేసిన ప్రకటన ఈ రెండు జాడ్యాల గురించీ హెచ్చరించాయి. ఆ ప్రకటనల్లోని మాటలు పార్టీ పత్రికల ద్వారా, తరగతుల ద్వారా తెలుగు పల్లెల దాకా వచ్చాయి. పార్టీ దినపత్రిక విశాలాంధ్ర విజయవాడలో అచ్చయ్యేది. ఆ తరం రైతు కార్యకర్తలకు ఒంటెత్తువాదం (తమ గుంపే సరైనదనడం), దుందుడుకువాదం (తొందరపాటు సాహసం), అవకాశవాదం వంటి బరువైన మాటలు నోటి మీద ఉండటానికి అదే కారణం. మన ప్రాంతంలో పొగాకు ధర గురించి మాట్లాడినంత సహజంగా రివిజనిజం గురించి మాట్లాడగలిగిన పెద్దలు ఉండేవారంటే ఈ తరం వారికి వింతగా ఉంటుంది.

1961 ఏప్రిల్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ ఆరవ మహాసభ విజయవాడలో జరిగింది. సోవియట్ పార్టీ తరఫున సుస్లోవ్ వచ్చారు. నెహ్రూ ప్రభుత్వం పట్ల ఏ వైఖరి తీసుకోవాలన్న దాని మీద పార్టీ అప్పటికే రెండుగా ఆలోచిస్తోంది. ప్రధాన కార్యదర్శి అజయ్ ఘోష్ సర్దుబాటుతో ఆ మహాసభ చీలిక లేకుండా ముగిసింది కానీ, ఆ మరుసటి ఏడాది జనవరిలో ఆయన మరణించారు. 1964 ఏప్రిల్‌లో జాతీయ సమితి నుంచి 32 మంది బయటకు నడిచారు, జులైలో వారంతా సదస్సు జరుపుకున్నది మీ జిల్లాలోని తెనాలిలోనే. ఆ ఏడాది చివర్లో కలకత్తా మహాసభతో సీపీఎం ఏర్పడింది. ఆ రోజుల్లో తెనాలి వైపు వెళ్లినవారిని రెండో పక్షం పిడివాదులని, ఒంటెత్తువాదులని అనేది. తెనాలి వైపువారు ఆ పక్షాన్ని రివిజనిస్టులనేవారు.

ఇక్కడ మన ప్రశ్నకు పనికొచ్చే విషయం తర్వాతి నాలుగేళ్లలో జరిగింది. 1967లో నక్సల్బరీ రైతు తిరుగుబాటు జరిగింది. 1968లో బర్ద్వాన్‌లో జరిగిన సీపీఎం ప్లీనం (ప్రత్యేక సమావేశం) తర్వాత ఆంధ్రలో తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి తదితరులు సీపీఎం నుంచి వేరుపడ్డారు. వేరుపడినవారు సీపీఎం నాయకత్వాన్ని నయా రివిజనిస్టులన్నారు, సీపీఎం వారిని అతివాద దుందుడుకువాదులన్నది. మీరు రాసిన పెద్దాయనలా 1964లోనూ 1968లోనూ తన చోటి నుంచి కదలకుండా సీపీఎంలోనే ఉన్న ఒక రైతును ఊహించుకోండి. నాలుగేళ్ల తేడాలో ఆయనను ఒక పక్షం పిడివాది అన్నది, ఇంకో పక్షం రివిజనిస్టు అన్నది. ఆయన నమ్మకం ఇసుమంత కూడా మారలేదు, మారింది మాట అనేవాడు నిలబడిన చోటు మాత్రమే. కాబట్టి, ఆ పెద్దాయన ఏ పార్టీవారో మీ వార్తలో ఉంది కనుక, ఆయన్ను ‘పిడివాది’ అని సవరణలో రాస్తే, మీకు తెలియకుండానే ఆరు దశాబ్దాల నాటి ఒక అంతర్గత తగువులో ఆయన ప్రత్యర్థి పక్షాన మీ పత్రిక తీర్పు చెప్పినట్టవుతుంది. ఆ ఊళ్లో ఇంకా మిగిలి ఉన్న పాత కార్యకర్తలు దాన్ని అలాగే చదువుతారు.

అతివాది, మితవాది జంటలో గందరగోళం ఇంకా ఎక్కువ. బడి పాఠ్యపుస్తకాల్లో 1907 సూరత్ కాంగ్రెస్ చీలిక గురించి చదివినప్పుడు గోఖలే మితవాది, తిలక్ అతివాది అని నేర్చుకున్నాం. అక్కడ తేడా గమ్యం కంటే ఎక్కువగా పద్ధతిలో ఉంది, వినతిపత్రమా, బహిష్కారమా అన్నది. ఆ ఏడాదే బిపిన్ చంద్రపాల్ మన రాజమండ్రి, విజయవాడ, బందరు వైపు వచ్చి మాట్లాడినప్పుడు ఇక్కడి యువకులు అతివాదులయ్యారని చెప్పుకోవడం ఆ అర్థంలోనే. కమ్యూనిస్టు పరిభాష వచ్చాక ఇవే మాటలు వేరే పనికి కుదిరాయి. ఎడమవైపు మితిమీరి పోవడం అతివాద పెడధోరణి, కుడివైపు జారిపోవడం మితవాద పెడధోరణి. అక్కడి నుంచి పత్రికల్లోకి పాకి, కుడి పక్షం వారందరికీ మితవాదులన్న పేరు స్థిరపడింది.

దీని ఫలితం చూడండి. నిడుబ్రోలు నుంచి వచ్చిన ఆచార్య ఎన్.జి. రంగా గారు సహకార సేద్యం విషయంలో నెహ్రూతో విభేదించి, కాంగ్రెసును వదిలి, 1959లో స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. ఆ పార్టీని మన పత్రికలు మితవాద పార్టీ అనేవి. రైతు భూమి జోలికి రావద్దన్న పట్టులో రంగా గారిలో మితం ఏమీ లేదు, అది ఆయన ఎంత మాత్రం రాజీపడని విషయం. ఇప్పుడు ఐరోపా ఎన్నికల వార్తల్లో ‘అతి మితవాద పార్టీ’ అని చదువుతున్నాం. ఆ మాట రాసిన సబ్-ఎడిటర్ ఒక్క క్షణం ఆగి పైకి చదువుకుని ఉంటే పెన్ను కింద పెట్టేవారు. కుడి పక్షం, తీవ్ర కుడి పక్షం అనో, రైటిస్టు అనో రాస్తే పాఠకుడికి ఏ ఇబ్బందీ లేదు. మితవాది అన్న మాటను పద్ధతిలో మెత్తనివారికే వదిలేయమని నా సలహా.

తీవ్రవాది, ఉగ్రవాది గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇవి నమ్మకానికి సంబంధించిన మాటలు కావు, ఆయుధానికి సంబంధించినవి. నక్సలైటు ఉద్యమం నడిచిన కాలంలో మన పత్రికలు తీవ్రవాది అన్న మాటను వారికి వాడాయి, బాంబులతో సామాన్య జనాన్ని చంపేవారికి ఉగ్రవాది అన్నాయి. ఆ గీత చాలా చోట్ల చెరిగిపోయింది. అయినా నియమం ఒక్కటే. హింసలో పాల్గొన్నట్టు కేసో, తీర్పో, ఆయన సొంత ప్రకటనో లేకుండా, కేవలం మాట తీవ్రంగా ఉందని ఎవరినీ తీవ్రవాది అనకూడదు. అలా రాస్తే పరువునష్టం నోటీసు వచ్చేది మీకే కాదు, మీ సంపాదకుడికి కూడా. ‘తీవ్రభావాలు గలవారు’ అన్న పాత ప్రయోగం ఉంది, అది చాలు.

ఛాందసుడు అన్నది కూడా అడిగారు. ఛందస్సు అంటే వేదం, వేదం చదివినవాడు ఛాందసుడు. గౌరవవాచకం కాస్తా లోకం పోకడ తెలియనివాడన్న అర్థంలోకి దిగి, ఇప్పుడు మతఛాందసంగా స్థిరపడింది. మతం ప్రసక్తి లేని రాజకీయ నమ్మకానికి అది అతకదు. (ప్రసంగవశాత్తు చెబుతున్నాను, రాద్ధాంతం అన్న మాటకు కూడా సంస్కృతంలో సిద్ధాంతమనే అర్థం. తెలుగువాళ్లం దాన్ని గొడవ అనే అర్థంలోకి దించుకున్నాం. సిద్ధాంత చర్చలు మనకు ఎలా వినబడ్డాయో దాన్ని బట్టే తెలుస్తోంది.)

ఇక మీ అసలు అవసరం. రాజీపడని నమ్మకాన్ని తిట్టకుండా, పొగడకుండా ఎలా చెప్పాలి? ‘రాజీలేని’ అన్న మాటే ఉంది కదా అంటారు. ఉంది, కానీ కరపత్రాలు దాన్ని నలిపేశాయి. విజయవాడ అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో ఏ శిబిరం ముందు నిలబడినా ‘రాజీలేని పోరాటం’ వినబడుతుంది, సాయంత్రానికి చర్చలకు పిలుపు వస్తే అందరూ వెళతారు. వెళ్లడం తప్పు కాదు, ఆ మాటే అక్కడ అనవసరం. పైగా రాజీపడకపోవడం ఒక్కటే గుణమూ కాదు, దోషమూ కాదు. దేని మీద రాజీపడలేదు, దేని మీద పడ్డారు అన్నది చెబితేనే దానికి అర్థం వస్తుంది.

దీనికి మన ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో దాన్ని విజయవాడకు తెచ్చారు. దేవుడు లేడన్న విషయంలో ఆయనకు ఏ సందేహమూ లేదు, ఉద్యోగాలు పోయినా ఆ మాట మార్చుకోలేదు. అలాంటి మనిషి వెళ్లి గాంధీజీతో కలిసి పనిచేశారు. తన కుమార్తెను దళిత యువకుడికి ఇచ్చి సేవాగ్రామ్ ఆశ్రమంలో పెళ్లి చేయాలనుకున్నప్పుడు చిక్కొచ్చింది. ఆశ్రమంలో పెళ్లి దైవసాక్షిగా జరగాలి, గోరా దానికి ఒప్పుకోరు. అప్పుడు ప్రమాణంలో దైవం స్థానంలో సత్యాన్ని పెట్టడానికి గాంధీజీ అంగీకరించారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో అలాగే జరిగింది. ఇద్దరిలో ఎవరూ తమ నమ్మకాన్ని వదులుకోలేదు. గాంధీజీ ఆస్తికుడిగానే వెళ్లిపోయారు, గోరా నాస్తికుడిగానే ఉన్నారు. ఇద్దరికీ సమ్మతమైన ఒక్క మాట కోసం మాత్రం కలిసి వెతికారు. గోరా గారిని ‘కరడుగట్టిన నాస్తికుడు’ అని రాయడం తేలిక. ఆ పెళ్లి సంగతి రెండు వాక్యాల్లో రాస్తే ఆ విశేషణం ఎంత తప్పో దానంతటదే తేలిపోతుంది.

ఇదే మాట ఒక ఊరి జనం గురించి కూడా చెప్పవచ్చు. చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేవి. వాటిని 1919లో కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం 1921లో ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పన్ను వేసిన దొరల కంటికి అది మొండిపట్టు, ఆ పాకల్లో ఎండకూ వానకూ ఓర్చినవారికి అది పట్టుదల. రెండు మాటల్లోనూ ఉన్నది ఒకే ‘పట్టు’. ముందు వెనుక చేర్చే అక్షరాలే పక్షం చెబుతాయి. చరిత్ర రాసేటప్పుడు నేను ఆ రెండూ వదిలేసి, ఎన్నాళ్లు ఇంటికి వెళ్లలేదో రాస్తాను.

‘నిబద్ధత’ వాడమంటారా అన్నారు. ఒకప్పుడు సాహిత్యంలో నిబద్ధత, నిమగ్నత అని చాలా కాలం పెద్ద చర్చే నడిచింది, అప్పుడు ఆ మాటకు బరువుండేది. నిబద్ధుడు అంటే కట్టుబడినవాడు, అంతే; దేనికి కట్టుబడ్డాడో వెంటనే చెప్పాలి. ఇప్పుడు పదవీ విరమణ సన్మానాల్లో ‘నిబద్ధత కలిగిన అధికారి’ అని అందరికీ శాలువాతో పాటు కప్పేస్తున్నాం. సంతాప వార్తలో ఒకసారి వాడితే తప్పు లేదు, రెండుసార్లు వాడితే పాఠకుడు మీకు చెప్పడానికి ఇంకేమీ లేదనుకుంటాడు.

నా పద్ధతి ఇది. విశేషణం రాయబోయిన చోట ఆగి, ఆ మాట ఎందుకు రాయాలనిపించిందో ఆ కారణాన్ని రాస్తాను. మీరు పంపిన కాపీలో చివరి పేరాలో కారణాలు చక్కగా ఉన్నాయి, కానీ అవన్నీ కిందపడిపోయి విశేషణం మాత్రం లీడ్‌లోకి, అంటే వార్త మొదటి వాక్యంలోకి, ఎక్కింది. మీ లీడ్ ఇలా ఉంది: ‘కరడుగట్టిన కమ్యూనిస్టు, రైతు సంఘం నాయకుడు ఫలానా వారు వృద్ధాప్యంతో మృతిచెందారు.’ మీ చివరి పేరాలో ఉన్న విషయాలతోనే దాన్ని ఇలా రాయవచ్చు: ‘1964లో పార్టీ చీలినప్పుడు సీపీఎం వైపు నిలిచి చివరిదాకా అందులోనే ఉన్న రైతు సంఘం నాయకుడు ఫలానా వారు వృద్ధాప్యంతో మృతిచెందారు. రెండెకరాలు అమ్మి సంఘం కార్యాలయానికి స్థలం ఇచ్చిన ఆయన, సొంత కుమారుడి పెళ్లికి కూడా పురోహితుణ్ణి పిలవలేదు.’ ఇందులో ఒక్క విశేషణం లేదు. ఆయన అభిమాని దీన్ని చదివి గర్వపడతాడు, ప్రత్యర్థి చదివి ‘అదీ ఆయన మొండితనం’ అంటాడు. ఇద్దరూ చదివింది ఒకే వార్త. మాటను ఎంచుకునే పని వారికి వదిలిపెట్టాం. అయితే పెళ్లి సంగతి వేసే ముందు ఆ అబ్బాయి గారినే ఒక మాట అడగండి, అది వారింటి విషయం కనుక.

ఆయనలో విమర్శించవలసినది ఉంటే సంతాప వార్త అయినా దాచనక్కరలేదు. ఉదాహరణకు, కూలి రేట్ల తగాదాలో ఆయన సొంత సంఘం వారి మాట కూడా వినలేదని ఊళ్లో చెప్పుకుంటే, అది ఎవరు అన్నారో వారి పేరుతో రాయండి. అప్పుడు ‘పిడివాది’ అన్న మాట వాడదలచినవారు వారి బాధ్యత మీద వాడతారు. పాత సహచరుడు అన్నాడా, ప్రత్యర్థి అన్నాడా అన్నది కూడా రాయడం మరవకండి, ఎందుకంటే పైన చెప్పినట్టు ఆ మాట బరువు అనేవాడి చోటును బట్టే ఉంటుంది.

శీర్షిక సంగతి వేరు, అక్కడ చోటు తక్కువ. రెండు కాలమ్‌ల శీర్షికలో ఒక మాట పట్టాలంటే ‘నిఖార్సైన’ వాడమని కొందరు సబ్-ఎడిటర్లు అంటారు. అది పొగడ్త అని పైన చెప్పాను. సంతాప వార్త శీర్షికలో ఆ మాత్రం పొగడ్తకు నేను అడ్డు చెప్పను కానీ, ఎన్నికల వార్తలో మాత్రం ఒప్పుకోను. మీ వార్తకైతే ‘రైతు సంఘం నేత కన్నుమూత’ అన్నది చాలు.

సవరణ విషయానికి వస్తే, ‘కరడుగట్టిన బదులు పిడివాది అని చదువుకోగలరు’ అని మాత్రం వేయకండి. ఒక అభ్యంతరకరమైన మాటను ఇంకో దానితో మార్చి రెండోసారి అచ్చు వేసినట్టవుతుంది, చదవనివారు కూడా చదువుతారు. సంస్మరణ సభ ఎప్పుడో కనుక్కుని, దాని వార్తతో కలిపి పైన చెప్పిన విధంగా పూర్తి వివరాలతో మళ్లీ రాయండి. దాని చివర ‘ఇంతకుముందు ప్రచురించిన వార్తలో ఆయనను వర్ణించిన తీరుకు చింతిస్తున్నాం’ అన్న ఒక్క వాక్యం చాలు, ఆ మాటను మళ్లీ ఉదహరించనక్కరలేదు. మీ ఇన్‌ఛార్జి గారు ఒప్పుకోకపోతే, తెనాలి సదస్సు కాలం నాటి పార్టీ మనుషులు ఎవరైనా మీ డివిజన్‌లో ఉంటే వారిలో ఒకరిని ఫోన్‌లో కలిపి, ‘పిడివాది’ అంటే ఏమిటో ఆయన్నే అడగమనండి.